కెంపమ్మ గది గోడలు

పశువుల కొట్టం వెనక పాడుబడ్డ గదిలో కెంపమ్మ అనే ఎర్రకోడి గుడ్లు పెట్టింది. ఇక పొదగాలి. పొదిగే కోడి కదలకూడదు. గదికేమో తలుపు లేదు. ఆ దిగులుతో దానికి గింజ మింగుడుపడటం లేదు.

పెచ్చులూడిన గోడల్లో పురుగులు చేరాయి, పూత వేయక తప్పదు. రాలిన ఈకలన్నీ కట్టి కుంచె చేసుకుంది. ఒక పట్టీ సున్నం, పక్కనే ఒక పట్టీ ఎర్రమట్టి పూసి, మెడ అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"సున్నమే వెయ్యి వదినా!" గుమ్మంలోంచి నక్క పలికింది. "పిల్లలు పుట్టే గది, కళకళలాడొద్దూ? ఆ ఎర్రమట్టి ఏం రంగు, గుడ్డి రంగు!"

కెంపమ్మ కుంచె దించి అటు తిరిగింది. "నా గోడలతో నీకేం పని మరిదీ?"

"అయ్యో, మంచి చెబితే తప్పా?" నొచ్చుకున్నట్టు మొహం పెట్టి నక్క వెళ్ళిపోయింది.

ఎండలో చూస్తే కెంపమ్మకూ తెలుపే నచ్చింది. అదే దాని భయం. నక్కకూ తనకూ ఒకటే నచ్చిందంటే ఎక్కడో తిరకాసు ఉంది. వెళ్ళి కొట్టంలోని ముసలి ఎద్దుతో చెప్పుకుంది.

"నక్క వేటకొచ్చేది ఎప్పుడు?" అంది ఎద్దు నెమరు ఆపకుండా.

"మునిమాపున."

"ఆ వేళప్పుడు చూశావా రంగులు?"

"పొద్దుగూకితే నాకు కళ్ళు కనబడవు కదా మామా!"

"నాకు కనబడతాయిగా. సాయంత్రం ఒక్కో పట్టీ ముందు నిలబడు, చెబుతాను."

అలాగే నిలబడింది.

"ఎర్రమట్టి ముందు నువ్వు లేనే లేవు," అంది ఎద్దు. "సున్నం ముందు మాత్రం వెండి పళ్ళెంలో వడ్డించినట్టున్నావమ్మా!"

మర్నాడు కెంపమ్మ మూడు గోడలకు ఎర్రమట్టి పూసి, గుడ్లను ఓ మూలకు చేర్చింది. గుమ్మానికి ఎదురు గోడకు మాత్రం పొద్దు వాలుతుండగా చిక్కటి సున్నం కొట్టింది. దాని ముందు పాత ఎర్రకుండ ఒకటి బోర్లించి, వచ్చి గుడ్ల మీద కూర్చుంది.

మునిమాపు అయింది. దానికి ఇక ఏమీ కనబడదు, వినడమే. గడ్డి కదిలింది. గుమ్మం దగ్గర అడుగు పడింది.

"మాట విన్నావు వదినా, చల్లగా ఉండు!" అంటూ నక్క దూకింది.

కుండ భళ్ళుమంది. నక్క మూతి పగిలింది, తడి గోడకు గుద్దుకుని ఒళ్ళంతా పచ్చి సున్నం. కళ్ళు మండి కుయ్యోమంటూ బయటికి పరుగెత్తింది. ఎద్దు రంకె వేసింది, కుక్కలు లేచాయి. ఎన్నాళ్ళుగానో చీకట్లో చిక్కని నక్క తెల్లగా మెరుస్తూ చేలకడ్డంగా పోతుంటే, వాటికిక వెతికే పనే లేకపోయింది.

"తెలుపు నీకే నప్పింది మరిదీ!" మూలనుంచే అరిచింది కెంపమ్మ, గుడ్ల మీంచి లేవకుండానే.

నీతి: నీ గోడ రంగు నీ కంటికి ఎలా ఉందో చూస్తే చాలదు, నీ మీద కన్నేసినవాడికి ఎలా కనబడుతుందో కూడా చూసుకో.