పిడి కుదరని కత్తి

ఏ కాలంలోనో, కొండల నడుమ గండికోన అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణమల్లుడికి ఒకనాడు తన చేత్తో తానే కత్తి చేయాలని బుద్ధి పుట్టింది. కమ్మరి పట్టుకారుతో ఇనుము పట్టుకుని నిలబడితే, రాజు సమ్మెట ఎత్తి చెమటలు కారేలా కొట్టాడు. తీరా కత్తి తయారయ్యాక కమ్మరి సానరాయి అందుకోబోయాడు.

"రాజు చేసిన కత్తికి సానా? నా చేతి దెబ్బే దానికి పదును!" అని గద్దించాడు రణమల్లుడు.

ఇంకేముంది, కత్తి మొద్దుగానే మిగిలింది. ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు.

కొత్త కత్తితో ముందు నరసింహస్వామి సన్నిధిలో నిమ్మకాయ కోయడం ఆ కోట ఆచారం. చింతకర్ర పిడి వేసి కోస్తే కాయ నలిగింది గానీ తెగలేదు.

"పిడి అచ్చిరాలేదు," అన్నాడు రాజు. ఆ పిడి చెక్కిన వడ్రంగిని రాజ్యం దాటించారు. తర్వాత దుప్పికొమ్ము పిడి వేశారు. కాయ మళ్లీ తెగలేదు. దాన్ని ఎంచిన దళవాయి కూడా ఆలుబిడ్డలతో పొలిమేర దాటాడు.

అప్పుడు రాజు చూపు సభంతా తిరిగి, మాటకారి అని పేరుపడ్డ సింగరయ్య మీద ఆగింది.

"మాటలు బాగా చెబుతావుగా! రేపు పిడి నువ్వు తెస్తావు. కాయ తెగకపోతే నువ్వూ ఇంటిల్లిపాదితో కదలాల్సిందే."

 సింగరయ్య ఇంట్లో కూతురు ఆండాళుకు నెలలు నిండాయి. ఆ పిల్ల గుమ్మం దాటడమే కష్టంగా ఉంది, ఇక కొండదారిలో బండెక్కించి ఎక్కడికని తీసుకుపోతాడు?

ఇంటికి వచ్చి, మూలనున్న పాత ఉయ్యాల ముందు చాలాసేపు కూర్చున్నాడు. చివరికి దానిలోంచి ఒక అడ్డకర్ర ఊడదీశాడు.

"ఏమండీ, మతి పోయిందా? పురిటి ముందు ఉయ్యాల మీద చెయ్యి వేస్తారా?" అంది భార్య నాంచారమ్మ.

"ఒక్క కర్రేనే. నాకొక మాట తోచింది. అది ఆయన చెవికెక్కాలని స్వామికి దణ్ణం పెట్టుకో."

"ఎక్కకపోతే?"

సింగరయ్య కర్రను తుడిచి పక్కన పెట్టుకున్నాడు. నాంచారమ్మ దీపం ముందు కూర్చుంది.

మర్నాడు ఆ కర్రతోనే పిడి బిగించారు.  సన్నిధిలో రాజు కోశాడు. కాయ జారి దొర్లిపోయింది.

భటులు ముందుకు కదిలారు.  సింగరయ్య పెదవుల మీద వేలు పెట్టుకుని, "ఉష్! మెల్లగా నడవండి నాయనా, లేస్తుంది," అన్నాడు.

"ఏమిటి లేచేది?" అన్నాడు రాజు.

"తమ కత్తి ప్రభూ. ఇది మా ఉయ్యాల కర్ర. మా తాతల నాటి నుంచి జోలపాటలు విన్నది. ఇది తగలగానే కత్తికి నిద్ర పట్టింది."

"అయితే తీసిపారెయ్! వేరే పిడి వేయించు."

"చిత్తం. కానీ ప్రభూ, చింతకర్రకు జోల ఎవరు పాడారు? దుప్పికొమ్మును ఎవరు ఊపారు? వాటితోనూ ఇది లేవలేదే! నిద్ర పిడిది కాదేమో."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "మరి లేపడం ఎలా?"

"పసివాళ్లను ఎలా లేపుతాం? ముఖం కడుగుతాం. కాసిని నీళ్లు, ఒక సానరాయి చాలు."

"నేను చేసిన కత్తికి సానా? కుదరదు!"

సింగరయ్య చేతులు జోడించాడు.  "పిడి కుదిరింది ప్రభూ. కుదరనిది పిడివాదమే."

 అర్చకులు కళ్లు మూసుకున్నారు. రాజు ముఖం ఎర్రబడింది. మెల్లగా పెదవి ఒక పక్కకు లాగింది. మరుక్షణం పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు.

"పిడివాదమా! ఓరి గడుగ్గాయీ! రాయి తెప్పించండిరా, నేనే పడతాను సాన."

ఈసారి కాయ రెండు చెక్కలై రసం చిందింది. రాజు తన పట్టు శాలువా తీసి సింగరయ్య భుజాన కప్పి, "ఇంకేం కావాలో అడుగు," అన్నాడు.

"వెళ్లినవాళ్లు వెనక్కి రావాలి ప్రభూ."

అప్పటికప్పుడు గుర్రాలు పొలిమేరకు పరుగు తీశాయి. రాజు పల్లకీ తెప్పిస్తానన్నా సింగరయ్య ఆగలేదు, నడిచే ఇంటికి వచ్చేశాడు. ఇంటి గుమ్మంలో నాంచారమ్మ తెల్లబోయిన ముఖంతో నిలబడి ఉంది.

"ఏ ఊరికండీ మన ప్రయాణం?"

"ఎక్కడికీ లేదే పిచ్చిదానా! వెళ్లి మంత్రసానికి కబురంపు."