బండ దిగని కవి

సరుగుడు తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. ఆ ఇసుకలో నిట్టనిలువుగా ఒక నల్లబండ ఉంది. ఆ బండ నీడన నీలాద్రి అనే ముసలి నక్క కాపురం. పళ్లు చాలావరకు ఊడిపోయి, వేట మానేసి, కెరటాలు ఒడ్డున పడేసిన చచ్చిన చేపలతో రోజులు నెట్టుకొస్తున్నాడు. మాంసం రుచి పూర్తిగా మరిచిపోతానేమోనని వాడికి బెంగ పట్టుకుంది. పక్క బొరియలో పైడమ్మ అనే పీత ఉండేది. ఒడ్డున ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆవిడకే తెలియాలి.

ఎండలు ముదిరాక ఒకనాడు కొండమీది అడవి నుంచి వాగీశ్వరం అనే మేకపోతు వేసవి విడిదికి వచ్చి దిగాడు. ఆయన కవి. ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి ఆయనే చెబుతాడు. తొలకరి పడగానే అడవిలో జరిగే సభలో సముద్రం మీద కొత్త కావ్యం చదివి వినిపిస్తానని అందరి ముందూ కోతలు కోసి మరీ వచ్చాడు. వినిపించకపోతే ఆస్థానకవి పీట గాడిదకి పోతుంది.

మేకపోతును చూడగానే నీలాద్రికి ప్రాణం లేచొచ్చింది. తీరా దగ్గరికెళ్లి చూస్తే ఉసూరుమనిపించింది. గడ్డం, కొమ్ములు తప్ప ఆ ఒంట్లో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఉన్న నాలుగు పళ్లూ ఎముకల పాలు చేసుకోవడం దేనికని ఆగిపోయాడు.

"ఆలోచనలతో చిక్కి సగమైపోయాను," అన్నాడు వాగీశ్వరం, ఎదురుగా నిలబడింది నక్కో నత్తో కూడా చూడకుండా. "నువ్వు నా అభిమానివే కదూ?"

"కాదేటి గురువుగారూ! మీ పేరు ఇనగానే పరిగెట్టుకొచ్చేను."

"అయితే కూర్చో. నా గురించి చెబుతాను."

పొద్దు నడినెత్తికెక్కేదాకా చెప్పాడు. చివర్లో తన రాత పద్ధతి కూడా చెప్పాడు. కావ్యం మొదలుపెడితే అది ముగిసేదాకా ఆయన నేలమీద కాలు మోపడట. అది ఆయన దీక్ష. బాదం ఆకుల మీద ఆల్చిప్ప ముక్కతో గీరి రాస్తాడు. నచ్చని పద్యాన్ని పరాయి కంట పడకుండా ఆకుతో సహా నమిలి మింగేస్తాడు.

అలా చెబుతూనే రెండు గంతుల్లో నల్లబండ ఎక్కేశాడు. నీలాద్రి నోరు వెళ్లబెట్టి చూశాడు. ఆ బండ ఎక్కడం వాడికి కుర్రతనంలోనే చేతకాలేదు.

"ఇప్పుడేటి సేస్తావు నీలాద్రి బావా?" అంది పైడమ్మ, బొరియలోంచి కళ్లు మాత్రం బయటపెట్టి.

"ఆకులు మోస్తాను. తింటాడు, ఒళ్లు సేస్తాడు. కావ్యం అయిపోతాది, కిందకి దిగుతాడు. దిగినాక నా పని నాది." నీలాద్రి మూతి నాక్కున్నాడు.

"కావ్యం అవ్వకపోతేనో?"

"అవ్వకేం? మేక గదా, ఎంతని రాస్తాది?"

మర్నాటి నుంచి నీలాద్రి కుక్కల కళ్లు కప్పి జాలరిపల్లెలోకి వెళ్లడం, బాదం ఆకులు నోట కరుచుకు రావడం, వెనక కాళ్ల మీద నిలబడి బండ మీదికి అందించడం. వాగీశ్వరం మొదటి ఆకు మీద 'ఓ సముద్రమా, నన్ను చూడు!' అని రాశాడు. చాలాసేపు దాన్నే చూసుకుని మురిశాడు. తరవాత మొహం ముడుచుకుని నమిలేశాడు. నములుతూండగా ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"ఆహా! పనికిరాదన్న పద్యమే ఇంత కమ్మగా ఉంటే, ఉంచబోయే పద్యం ఇంకెంత కమ్మగా ఉంటుందో!"

ఇంకో ఆకు రాసి అదీ నమిలాడు. ఆ పూట తెచ్చిన ఆకులన్నీ అయిపోయాయి.

"నీలాద్రీ, ఆకులు చాల్లేదు. అన్నట్టు, ఈ సముద్రాన్ని కాస్త నోరు మూసుకోమను. నా భావాలు చెదిరిపోతున్నాయి."

"సెప్పేను గురువుగారూ, ఇనడం నేదు."

"సంస్కారం లేని సముద్రం," అన్నాడు వాగీశ్వరం.

ఇలా లాభం లేదని ఒకనాడు నీలాద్రి పద్యం వినీ వినగానే ఎగిరి గంతేశాడు. "శానా బాగుంది! దీన్ని మాత్రం తినకండి, ఉంచేయండి!"

వాగీశ్వరానికి అనుమానం వచ్చింది. "నీకు కూడా అర్థమైందా? అయితే ఇందులో ఏదో లోపం ఉంది," అని నమిలేశాడు.

మర్నాడు నీలాద్రి పెదవి విరిచి చూశాడు. వాగీశ్వరం అలిగి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. సాయంత్రందాకా అక్షరం రాయలేదు. నీలాద్రి బండ చుట్టూ తిరిగి బతిమాలుకోవలసి వచ్చింది.

ఇక ఆఖరి ఎత్తు వేశాడు. "అడవిలో గాడిదగారు తన కావ్యం పూర్తి సేసేసేరంట గురువుగారూ. మీరూ తొందరగా ముగించి దిగిపోండి."

"గాడిద పూర్తి చేసిందా?" వాగీశ్వరం గడ్డం వణికింది. "అయితే నాది దానికి రెండింతలు ఉండి తీరాలి. ఆకులు పట్రా!"

నీలాద్రి తల ఇసుకలో పెట్టుకుని కుళ్లి కుళ్లి ఏడ్చాడు. ఆకులు మోసే పనిలో పడి చేపలు ఏరుకోవడానికి కూడా తీరిక లేకుండా పోయింది. వాడి డొక్కలు లోపలికి పోయాయి. బండ మీద వాగీశ్వరం మాత్రం రోజురోజుకీ నున్నగా, గుండ్రంగా, చూస్తేనే నోరూరేలా తయారయ్యాడు.

"ఎవులు ఎవుల్ని తింతన్నారో నాకు తెలకుండా ఉంది బావా," అంది పైడమ్మ.

ఒక మధ్యాహ్నం ఆకలికి తాళలేక నీలాద్రి తను తెచ్చిన ఆకునే ఒకదాన్ని నాకాడు. ఉప్పగా ఉంది. ఇంకోటి నాకాడు. అదీ ఉప్పే. సముద్రపు గాలికి పల్లెలో చెట్ల ఆకులన్నిటి మీదా ఉప్పు పేరుకుపోయింది. మేకకి ఉప్పంటే ప్రాణం. ఇన్నాళ్లూ ఆయన లొట్టలేసుకుంటూ తిన్నది కవిత్వం రుచి కాదు, ఉప్పు రుచి!

నీలాద్రి లేచి కూర్చున్నాడు. తోట వెనక జాలర్లు తవ్వుకున్న మంచినీళ్ల చెలమ ఉంది. అప్పటి నుంచి ప్రతి ఆకునూ ఆ చెలమలో ముంచి, పాదాలతో రుద్ది రుద్ది కడిగి, గాలికి ఉప్పు పట్టకముందే పరుగున తెచ్చి అందించాడు.

వాగీశ్వరం రాశాడు. నమిలాడు. మొహం చిట్లించి ఉమ్మేశాడు. ఇంకోటి నమిలాడు, అదీ చప్పగానే ఉంది. కాసేపు గడ్డం ఊపుకుంటూ ఆలోచించాడు.

"నీలాద్రీ, నా కవిత్వం పక్వానికి వచ్చింది. ఇక ఇది నమిలే దశ దాటిపోయింది!"

"అదే గురువుగారూ, అదే!" నీలాద్రికి ఆనందంతో కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ తరవాత రాసిన ఆకు రాసినట్టే మిగిలింది. ఆకు మీద ఆకు చేరి కట్ట లేచింది. చివరికి ఆకాశాన మబ్బులు కమ్మిన ఒక ఉదయం వాగీశ్వరం కట్టను నారతో బిగించి, బండ అంచున నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"కావ్యం ముగిసింది! దీక్ష విరమిస్తున్నాను! నా పాదం మోపడానికి నేల సిద్ధమేనా?"

"ఎప్పుట్నుంచో సిద్ధం!" నీలాద్రి సరిగ్గా అంచు కిందకి వచ్చి, నోరు బార్లా తెరిచి నిలబడ్డాడు.

"ఒరే బావా, కాస్త పక్కకి జరుగు," అంది పైడమ్మ. "అతగాడి ఒళ్లు సూసేవా?"

"నోర్ముయ్యి! ఎన్నాళ్లు కాసుకున్నానో నీకేటి తెలుసు?"

వాగీశ్వరం దూకాడు. బండెక్కినప్పుడు ఆయన బక్కప్రాణి. ఇప్పుడు దిగుతున్నప్పుడు వేసవి అంతా నీలాద్రి మోసిన ఆకుల్లో కట్టకి పోగా మిగిలినవన్నీ ఆయన ఒంట్లోనే ఉన్నాయి. అంత బరువూ వచ్చి ఒక్కసారిగా నీలాద్రి నెత్తిన పడింది. వాడు ఇసుకలో చాపలా పరుచుకుపోయాడు. మిగిలిన నాలుగు పళ్లూ చుట్టూ రాలిపడ్డాయి.

తన కింద ఏదో మెత్తగా తగిలిందని కూడా వాగీశ్వరం గమనించలేదు. నెమ్మదిగా లేచి, ఒళ్లు దులుపుకుని, మొదటి పద్యం రాగం తీసి చదివాడు. నీలాద్రి కళ్లు తేలేసి మూలిగాడు.

"మొదటి పద్యానికే మూర్ఛపోయాడు!" అన్నాడు వాగీశ్వరం మురిసిపోతూ. "ఇంతటి రసికుణ్ణి ఎక్కడా చూడలేదు."

కావ్యం కట్ట నోట కరుచుకుని, ఉప్పుగాలికి ఎదురుగా, ఒడ్డు వెంబడి హుందాగా నడిచి వెళ్లిపోయాడు. సరుగుడు తోట మలుపు తిరిగేలోపే ఆయన దవడలు మెల్లగా ఆడటం పైడమ్మ కంట పడింది.

ఆవిడ పక్కపక్కగా నడుచుకుంటూ నీలాద్రి దగ్గరికి వచ్చింది. "ఎలగుంది బావా మేక?"

"బరువుగా ఉంది," అన్నాడు నీలాద్రి బోసినోటితో. "అది కాదు పైడమ్మా నా ఏడుపు. ఇన్నాళ్లు సేవ సేసేను గదా, నేను నక్కనని ఆ మహానుబావుడికి ఇప్పటికీ తెల్దు!"

నీతి: ఎవడు మోసపోవాలన్నా ఎదుటివాణ్ణి ఒక్కసారైనా చూడాలి, పొద్దస్తమానం తనను తానే చూసుకునేవాణ్ణి నక్క కూడా ఏమీ చెయ్యలేదు.