మీసం నిలబెట్టిన కర్ర

చెక్కలపాలెంలో వీరాచారి ఇంటికి ఒకటే చిక్కు. బుద్ధి మరీ ఎక్కువైపోయింది. వడ్రంగం చేసుకునే చిన్న కొంపలో అంత బుద్ధి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక వీరాచారి, అతని పెళ్ళాం మాణిక్యాంబ, తమ్ముడు కాళాచారి చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేవారు. నిద్దట్లో ఓ పక్కకి ఒరిగితే బుద్ధి కారిపోదూ? పొద్దున్నే లేవగానే వీరాచారి ముందు దిండు తడిమి చూసుకునేవాడు. పొడిగానే ఉండేది.

"కిటుకంతా మాట వినడంలో ఉందిరా. ఎదుటివాడు ఏమన్నాడో అదే చెయ్యాలి. అక్షరం అటూ ఇటూ పోకూడదు" అనేవాడు కాఫీ తాగుతూ. తమ్ముడు ఏమీ అనేవాడు కాదు. దూది తియ్యడం మర్చిపోయేవాడు.

ఆ ఊరి పక్కనే గోల్ఫు మైదానం ఉంది. పెన్షను పుచ్చుకునే పెద్దమనుషులు వంకర కర్రలతో చిన్న బంతిని కొట్టి, దాని వెనకే నడుచుకుంటూ పోయి, మళ్ళీ కొట్టి, చివరికి ఓ గుంటలో పడేస్తారు. తక్కువ దెబ్బల్లో పడేసినవాడు గెలిచినట్టు. వాళ్ళలో రంగరాజు గారని, అడవుల్లో రేంజరుగా చేసి దిగినాయన ఒకరు. ఆయన మీసం చూడాలి మీరు. గుమ్మంలోకి ముందు మీసం వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవారు. దాన్ని చూసి పులి దారి తప్పుకుందని ఆయనే చెప్పేవారు. అలాంటి మనిషి బావమరిది సూర్రాజు గారి చేతిలో ఆడిన ప్రతిసారీ ఓడిపోతున్నారు. ఓ రోజు భోజనాల దగ్గర రోషం పట్టలేక, "ఈసారి ఓడితే మీసం తీయించేస్తాను" అనేశారు. సూర్రాజు గారు ఊరుకుంటారా? చెయ్యి కడుక్కుని మంగలికి కబురు పెట్టారు.

అంతే, రంగరాజు గారికి కంటిమీద కునుకు లేదు. తెల్లారేసరికి వీరాచారి కొట్టు ముందున్నారు.

"ఆచారీ, కొన్న కర్రలన్నీ గురి తప్పుతున్నాయి. గురి తప్పని కర్ర ఒకటి చేసిపెట్టు. నా మీసం నిలబెట్టే భారం నీదేనయ్యా."

వీరాచారికి జాలేసింది. "ఆయ్, నిలబెడతానండి" అని మాటిచ్చేశాడు.

"అసలు సంగతంతా కర్ర తలలో ఉంటుంది" అన్నారు రాజుగారు, పాత కర్ర చివర ఉన్న ముద్దని చూపిస్తూ. "ఇదీ తల. దీని మొహం తిన్నగా బంతినే చూడాలి. మొహం పక్కకి తిరిగిందా, బంతీ పక్కకే పోతుంది."

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ టేకుముక్క ముందేసుకుని కూర్చున్నారు. చూడాలన్నారు కదా, కళ్ళు లేకుండా ఎలా చూస్తుంది? కళ్ళు చెక్కారు. చూపు బాగా ఆనాలని మాణిక్యాంబ కాటుక పెట్టింది. ముక్కు లేకపోతే బోసిగా ఉందని కాళాచారి పొడుగాటి ముక్కు పెట్టాడు. పెట్టి, కాస్త దూరం జరిగి చూసి, "అచ్చం మన మేనమామే అన్నయ్యా" అని దణ్ణం పెట్టుకున్నాడు.

రాజుగారు ఆ కర్రతో కొట్టారు. బంతి ముక్కుకి తగిలి, పక్కకి తిరిగి, గట్టు మీద వేరుశెనక్కాయలు అమ్ముకునే ఆవిడ తట్టలో పడింది.

"దీనికి ముక్కేమిటయ్యా?"

"మొహం అన్నారు కదండి. ముక్కు లేని మొహం మా వంశంలో ఎవరూ చెయ్యలేదండి."

"ఆ ముక్కు తీసెయ్. తిన్నగా, నున్నగా ఉండాలి. ఇంకోటి, దీనికి పట్టు లేదు. మంచి పట్టు వేసి తీసుకురా."

వీరాచారి ఇంటికెళ్ళి పెళ్ళాం మొహం చూడలేకపోయాడు. ఆ ఇంట్లో పట్టు అంటే ఆవిడ పెళ్ళిచీర ఒక్కటే. మాణిక్యాంబ పెట్టె తెరిచి, చీర ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. "పోనీలెండి. ఆయన మీసం కంటే నా చీర ఎక్కువా?" అని కత్తెర తనే తెచ్చింది. ముక్కు ఎగబీలుస్తూ, జరీ అంచు పైకి వచ్చేలా కర్రకి చుట్టింది. అది చూసి వీరాచారికీ ఏడుపొచ్చింది. వాళ్ళిద్దరూ ఏడుస్తున్నారని కాళాచారి కూడా ఏడ్చాడు. ఆ గొడవలో ముక్కు సంగతి ముగ్గురూ మర్చిపోయారు.

ఈసారి రాజుగారు ఊపిన ఊపుకి పట్టు సర్రున జారింది. బంతి ఉన్నచోటే ఉంది. కర్ర మాత్రం గాల్లో గింగిరాలు కొడుతూ పోయి, మైదానం మధ్య నీళ్ళగుంటలో పడింది.

"గుంటలో పడిందండి, ఒక్క దెబ్బకే" అన్నాడు కాళాచారి.

రాజుగారు నెత్తి పట్టుకుని గడ్డిలో కూలబడ్డారు. పోటీ మర్నాడే. "ఆచారీ, నీకు పుణ్యముంటుంది. ఈసారైనా నీ బుర్ర పెట్టి చెయ్యి."

ఇంటికెళ్ళాక వీరాచారి తన బుర్ర తడుముకుంటూ కూర్చున్నాడు. "నా బుర్ర పెట్టమన్నారు. ఇది పెట్టేస్తే రేపు నేను అన్నం ఎలా తినాలిరా?"

"అసలుది ఎందుకన్నయ్యా, కొలత పెడదాం" అన్నాడు తమ్ముడు. ఎంత బుద్ధో చూడండి.

తాడుతో అన్న బుర్ర కొలిచి, సరిగ్గా అంత తల, కళ్ళూ ముక్కుతో సహా చెక్కి కొత్త కర్రకి బిగించారు. ముక్కు తీసెయ్యమన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. చిత్రిక పట్టారు. ముక్కుతో పాటు కళ్ళూ పోయి, ముందు వైపంతా పీటలా చదునైంది. రాజుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. పట్టు ఊసు వాళ్ళ దగ్గర ఎత్తకుండా, పాత సైకిలు ట్యూబు ముక్క పిడికి తనే చుట్టుకున్నారు.

పోటీ మొదలైంది. ఆ కర్రని చూడగానే సూర్రాజు గారు పొట్ట పట్టుకున్నారు. "బావా, ఇది కర్రా, గుమ్మడికాయా?" రంగరాజు గారు కళ్ళు మూసుకుని కొట్టారు.

బంతి తిన్నగా పోయింది.

మళ్ళీ కొట్టారు, మళ్ళీ తిన్నగానే పోయింది. పోదూ మరి? తల అంత వెడల్పుంటే బంతి ఏ మూల తగిలినా తగిలినట్టే. అంత బరువుంటే చేతిలో మెలి తిరగమన్నా తిరగదు. రాజుగారి వెన్ను నిటారయింది. బావగారు ఆ గుమ్మడికాయ ఎత్తినప్పుడల్లా సూర్రాజు గారికి నవ్వు, నవ్వుతో చేతులు వణుకు. ఆఖరి గుంట దాకా సమంగా వచ్చారు. సూర్రాజు గారి బంతి గుంట అంచు దాకా వెళ్ళి పక్కకి జారిపోయింది. రంగరాజు గారు ఊపిరి బిగబట్టి మెల్లగా తాకించారు. బంతి దొర్లుకుంటూ పోయి గుంటలో పడింది.

రాజుగారు పరుగున వచ్చి వీరాచారిని వాటేసుకున్నారు. "నా మీసం నిలబెట్టావయ్యా" అంటుంటే కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి.

వీరాచారి మీసం వంక చూశాడు. చెమటకీ కన్నీళ్ళకీ తడిసి, అది గెడ్డం దాకా వేళ్ళాడుతోంది.

"నిలబడలేదురా" అన్నాడు తమ్ముణ్ణి పక్కకి లాగి. "పెద్దమనిషి, మన మనసు కష్టపెట్టకూడదని అలా అంటున్నారు. మాటిచ్చి తప్పితే మన బుద్ధి ఏమైనట్టు?"

అంతే, కాళాచారి ఇంటికి పరిగెత్తి చెక్కలతికే బంక ఉడుకుతున్నది ఉడుకుతున్నట్టే తెచ్చాడు. భోజనాలయ్యాక రాజుగారు వరండాలో పడక్కుర్చీలో గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. వేడి కాస్త తగ్గనిచ్చి, అన్న ఆయన మీసం కొసలు కళ్ళ దాకా ఎత్తి పట్టుకున్నాడు. తమ్ముడు కుంచెతో మొదలంటా పూశాడు. ఆరేదాకా ఇద్దరూ ఓపిగ్గా విసిరారు.

రాజుగారు లేచి మీసం దువ్వబోయారు. టక్కుమని చప్పుడైంది. నూనె రాశారు, వేణ్ణీళ్ళు పెట్టారు, కదిలితే ఒట్టు. ఆయన మీసం మీదే ఆశ పెట్టుకుని పొద్దుటినుంచీ మెట్ల మీద కూర్చున్న మంగలి, ఇక తన పని పడిందని, కత్తి నూరుకుంటూ లోపలికొచ్చాడు. ఓడిపోయిన సూర్రాజు గారు ఎంతో ప్రేమగా అద్దం పట్టుకున్నారు.

పని అయ్యాక రాజుగారు బోసి పెదవి తడుముకుంటూ అద్దంలోకి చూస్తుండిపోయారు. వీరాచారి కిందపడిన మీసాన్ని రెండు చేతులతో తీసి, దుమ్ము ఊది, ఆయన ఎదురుగా బల్ల మీద పెట్టి చెయ్యి వదిలేశాడు.

"చూడండి రాజుగారండి" అన్నాడు గర్వంగా. "ఇప్పటికీ నిలబడే ఉందండి."