టపాకాయల పంచాయితీ

నూకరాజు ఇంటిని ఆనుకున్న పశువుల దొడ్డి ఊరికి కాస్త ఎడంగా, కాలవ గట్టు మీద ఉండేది. అందులో ముసలి ఎద్దు పోలయ్య, నిండు చూలుతో ఉన్న గేదె గంగాలు, ఓ గంపెడు కోళ్లు, ఆ కోళ్లకు తానే రాజుననుకునే డేగ పుంజు ఉండేవి. వీటన్నిటికీ కాపలా మాణిక్యం అనే కుక్క. కాలవ అవతల చెరకుతోటలో ఓ నక్క ఉండేది గానీ, మాణిక్యం మొరుగు వినబడినన్నాళ్లూ అది వంతెన దాటలేదు.

ఒకనాడు పొద్దున్నే పెళ్లివారి ఊరేగింపు ఆ దారిన వచ్చింది. సరిగ్గా దొడ్డి ముందే ఆగి, రోడ్డు పొడవునా టపాకాయల దండ పరిచి అంటించారు. చెవులు పగిలిపోయే మోత. పెళ్లికొడుకు నవ్వాడు. చుట్టాలు ఫోటోలు తీసుకున్నారు. పొగ ఇంకా తేలకముందే అందరూ వెళ్లిపోయారు.

దొడ్డిలో మిగిలింది వాళ్లకేం తెలుస్తుంది? మాణిక్యం కంచెలోంచి దూరి, ముళ్లకు ఒళ్లు చీరుకుపోయినా ఆగకుండా పారిపోయింది. గంగాలు పలుపు తెంపుకుని గెంతి, కుడితి తొట్టి మీద పొట్ట ఆనేలా పడింది. సాయంత్రానికి ఈనింది. దూడ కదల్లేదు. ఆ గందరగోళంలో రెండు పెట్టలు కూడా మాయమయ్యాయి.

మర్నాడు మాణిక్యం కుంటుకుంటూ తిరిగొచ్చింది. పుంజు గోడెక్కి మెడ నిక్కించింది.

"వచ్చావా తల్లీ! ఏదో నాలుగు టపాకాయలు పేలితే కాపలా వదిలేసి పరుగా? ఊరంతా సంబరం చేసుకుంటుంటే నీకొక్కదానికే ఏడుపేంటి?"

మాణిక్యం తల వంచుకుంది. "కాళ్లు నా మాట వినలేదు డేగా. నెత్తిమీద ఆకాశం విరిగి పడిందనుకున్నాను."

ఇంతలో చింతచెట్టు మీంచి కోతి దూకింది. దాని చేతిలో ఓ సంచి. "పెళ్లివారి బండిలోంచి కొట్టుకొచ్చాను. నిండా బాంబులే! నూకరాజు వాళ్లంతా రేపు పెళ్లింటికి విందుకెళ్తారు. వంట పొయ్యిలో నిప్పెలాగూ ఉంటుంది. ఇక్కడే కాల్చుకుందాం!"

"వద్దురా!" అని గంగాలు అరిచింది.

అప్పుడొచ్చింది నక్క, వంతెన మీదుగా, చుట్టరికానికి వచ్చినట్టు తాపీగా. మాణిక్యం గుర్రుమంది గానీ అలసటతో లేవలేకపోయింది.

"కోప్పడకు చెల్లెమ్మా, పలకరించి పోదామని వచ్చాను," అంది నక్క. "గంగాలక్కా, నీ సంగతి విన్నాను, చాలా బాధేసింది. అయినా పండగలూ పెళ్లిళ్లూ రోజూ వస్తాయా? ఏదో ఏడాదికోసారి. ఆ మాత్రం ఓర్చుకోకపోతే నలుగుర్లో ఎలా బతుకుతాం?"

గంగాలు కళ్లు ఎర్రబడ్డాయి. "నీకు ఏడాదికోసారి. నా దూడ నాకు ఒక్కసారే వచ్చింది."

నక్క గొంతు సవరించుకుంది.

"అది విధి అక్కా. టపాకాయ మీద నెట్టేస్తే ఎలా? నన్ను చూడు. నిన్న ఆ మోతలో కదిలానా, బెదిరానా? భయం మనసులో ఉంటుంది గానీ చప్పుడులో కాదు. అలవాటు చేసుకోవాలి. కోతిబాబు రేపు కాల్చేదీ అందుకే. మాణిక్యానికి పిరికితనం పోతుంది."

"భేషుగ్గా చెప్పావు మావా!" అంది పుంజు.

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం," అని గొణిగాడు పోలయ్య. ఎవరూ వినిపించుకోలేదు. కోతి సరదా కోసం సరేనంది, పుంజు గొప్ప కోసం సరేనంది, మిగతా కోళ్లు పుంజు వెనకే తలూపాయి. నెగ్గానని నక్క తోకూపుకుంటూ వెళ్లిపోయింది.

అది వంతెన దాటాక, పాక చూరులో నక్కి ఉన్న నల్లపెట్ట కిందికి దిగింది. నిన్నట్నుంచీ దానికి నోరు పెగల్లేదు.

"పుంజుబావా, నిన్న నా అక్కచెల్లెళ్లను పట్టుకుపోయింది ఆ నక్కే," అంది వణుకుతూ. "నేను చూరులోంచి చూశాను. గొంతు చించుకుని అరిచాను. అది తిరిగి కూడా చూడలేదు. దాని చెవుల నిండా పుట్టమన్ను కూరుకుని ఉంది."

పుంజు మెడ వాలిపోయింది. ఇంతసేపూ ఎవర్ని మావా అని పిలిచిందో ఇప్పుడర్థమైంది.

పోలయ్య ఏనాడూ కొమ్ము విసిరి ఎరగడు. కాడి మోశాడు, కర్ర దెబ్బలు తిన్నాడు, నోరెత్తలేదు. అలాంటివాడు కాలితో నేలను దున్నేశాడు.

"దాని చెవులకు మన్ను, మన చెవులకు బాంబులా? పైగా మనకు ధైర్యం నేర్పుతుందా? రానివ్వండి. రేపు రానివ్వండి!"

"ముందు ఆ కోతి సంచి లాగి కాలవలో పారేద్దాం," అంది గంగాలు.

"పారేస్తే ఇంకోటి తెస్తాడు వాడు," అన్నాడు పోలయ్య. "నక్క తెప్పిస్తుంది. మాణిక్యం, నువ్వు రేపు ఇక్కడ ఉండొద్దు. మాతోపాటు మేతకొచ్చి గట్టు చివర దిబ్బ వెనక కూర్చో. చప్పుడు అక్కడికి అంత గట్టిగా రాదు. ఆగగానే పరుగెత్తు."

"నాకు వణుకు పుడుతుంది పోలయ్యా. పరువు పోతుంది."

"వణుకులో పరువేం పోదు. నేను పక్కనే నిలబడతాను."

పుంజు ముందుకొచ్చింది. "పెట్టల్ని చెట్టెక్కిస్తాను. గూటి ముందు నేనుంటాను. ఎవరో ఒకరు కనబడకపోతే నక్క రాదు కదా." ఈసారి దాని గొంతులో బడాయి లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంటివాళ్లు విందుకెళ్లారు. కోతి కొరకంచు తెచ్చి సంచిలోంచి దండ తీసి అంటించింది. దిబ్బ వెనక మాణిక్యం పోలయ్య కాళ్ల మధ్య ముడుచుకుని గజగజలాడింది. గంగాలు తన ఒంటిని దానికి అడ్డం పెట్టి నిలబడింది. దానికీ వణుకే. ఒక్కో మోతకీ దాని డొక్కలు ఎగిరిపడుతున్నాయి. అయినా కదల్లేదు.

నక్క పొగచాటున దొడ్డిలో దూరింది. గూటి ముందు పుంజు ఒంటరిగా కనబడింది. లొట్టలేసుకుంటూ మెల్లగా అడుగులేసింది. పుంజు చోటు వదల్లేదు.

ఆఖరి బాంబు పేలింది. మోత ఆగింది. అంతే, మాణిక్యం బాణంలా లేచింది.

దాని వెనక గంగాలు, పోలయ్యల గిట్టల కింద గట్టు అదిరింది. మాణిక్యం మొరుగు ఊరిదాకా వినబడింది. చింతచెట్టు మీది పెట్టలన్నీ అరిచాయి. పుంజు కూడా నక్క ముఖాన నిలబడి కూత పెట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నక్క పంజా ఎత్తే ఉంది. పుంజు తోకలో ఈకలు దాని గోళ్లకు చిక్కేసరికి నక్క వెనక కాలు మాణిక్యం పళ్ల మధ్య ఉంది.

కెవ్వుమని వెనక్కి తిరిగేసరికి గంగాలు కొమ్ములు కనబడ్డాయి. చెవుల్లోంచి మన్ను గోకి పారేస్తూ నక్క ఏడ్చింది.

"అక్కా, చంపకు! మీరు వస్తున్నట్టు నాకు వినబడలేదు!"

"మేం ఏడ్చినప్పుడూ నీకు వినబడలేదు," అని గంగాలు కొమ్ములతో ఎత్తి విసిరింది.

నక్క కంచె మీది ముళ్లలో పడి, చీరుకుపోయిన ఒళ్లుతో, సగం తోకతో, మూడు కాళ్ల మీద చెరకుతోట దాటి పోయింది. మళ్లీ ఆ చుట్టుపక్కల ఎవరికీ కనబడలేదు.

కోతి చేతిలో కొరకంచు వదిలేసి నసిగింది. "నాకేం తెలుసు? నేను సరదాకే కాల్చాను."

గంగాలు ఆయాసపడుతూ దానివైపు తిరిగింది. "రా, నా దూడను పాతిపెట్టిన చోటు చూపిస్తాను. అక్కడ నిలబడి సరదా అను."

కోతి అక్కడికి వెళ్లింది. ఆ మాట మాత్రం అనలేకపోయింది.

నీతి: ఎదుటివాడి ఏడుపు వినకుండా చెవులు మూసుకున్నవాడికి, తన మీదికొచ్చే ముప్పూ వినబడదు.