బ్యాటరీ పక్కన దొరగారి కత్తి

పందెం వేస్కో, ఇది చెప్తే నువ్వు నమ్మవు. ఎప్పుడో పాతకాలంలో ఒక జమీందారు ఉండేవాడు రా. ఆ చుట్టుపక్కల కారున్నది ఆయనొక్కడికే. దాన్ని రోజూ కడిగేది గున్నమ్మ.

బ్యాటరీ నుంచి వచ్చే ఆవిరి పక్కనున్న ఇనుముని తినేస్తోందని ఆమె అక్కడంతా గ్రీజు రాసింది. దొర చూసి, "నా కారుకి ఈ జిడ్డేంటే?" అని మొత్తం తుడిపించేశాడు.

ఇంకేముంది, దసరాకి ఆయుధపూజ చేద్దామని బానెట్ ఎత్తితే బ్యాటరీ చుట్టూ తుప్పే తుప్పు. దొర మండిపోయాడు.

"నీ తడిగుడ్డ వల్లేనే ఇదంతా! రేపట్నుంచి పన్లోకి రాకు."

"గుడ్డ కాదు దొరా, బ్యాటరీ ఆవిరి."

"ఆవిరా? ఏదీ, నాకు కనపడదే! అబద్ధాలాడకు."

గున్నమ్మ కూల్‌గా తలూపింది. పూజలో పెట్టిన దొర తాతగారి కత్తి చూపించి, "సరే దొరా, ఆవిరి లేదంటున్నారుగా. ఆ కత్తిని బ్యాటరీ పక్కన పెట్టి బానెట్ మూసేయండి. వచ్చే దసరాకి తీద్దురు. నా తడిగుడ్డ దగ్గరికి కూడా రాదు, ఒట్టు" అంది.

దొర ఒక్క గెంతు గెంతి కత్తిని గుండెకి హత్తుకున్నాడు. "మతుండే మాట్లాడుతున్నావా? తాతగారి కత్తే! తుప్పు పట్టిపోదూ?"

"దేనివల్ల పడుతుంది దొరా?"

పూజకొచ్చినవాళ్ళందరూ దొర వంకే చూస్తున్నారు. ఆయన కత్తి వంక చూశాడు, బ్యాటరీ వంక చూశాడు. చివరికి మెల్లగా, "ఆ గ్రీజు డబ్బా ఎక్కడ పెట్టావే?" అన్నాడు.

దానికి గున్నమ్మ ఏమందంటే... ఆగు, నాన్న అరుస్తున్నాడు. మా కారు బానెట్ ఎత్తితే బ్యాటరీ చుట్టూ తుప్పంట, పోతున్నా.