కొంగ వాడిన హెడ్‌సెట్

గట్టు కింది పశువుల దొడ్లో నందయ్య అనే ముసలి ఎద్దు ఉండేవాడు. ముందుకాలు విరిగి సరిగా అతుక్కోలేదు. వాగు అరకోసు దూరమే అయినా రెండేళ్లుగా అక్కడికి వెళ్లలేకపోయాడు.

"వాగులో నీళ్లొచ్చాయా సింగారీ?" అని రోజూ పక్కనుండే మేకను అడిగేవాడు.

"వచ్చాయి మావా, మోకాలి లోతు."

"రేవు దగ్గర రెల్లు పూసిందా?"

సింగారి ఓపిగ్గా చెప్పేది. ఎంత చెప్పినా నందయ్య దిగులు తీరేది కాదు.

ఇంతలో జంబయ్య నక్క గుట్ట మీద కొట్టు తెరిచాడు. వీఆర్ హెడ్‌సెట్లు తెచ్చాడట, కళ్లకు పెట్టుకుంటే కూర్చున్నచోటే ఊళ్లన్నీ చూడొచ్చట. వానాకాలమంతా ఏరుకున్న వేరుశెనక్కాయల మూట పట్టుకుని సింగారి బయల్దేరింది.

కొట్లో రెండే ఉన్నాయి. ఒకటి తళతళలాడే కొత్త మోడల్. రెండోది ఎవరో వాడి అమ్మేసింది. కొత్తది అంటగట్టాలని జంబయ్య ఆ ఉదయమే పాతదాని అద్దాలకు ఆముదం పూసి ఉంచాడు.

"కొత్తది చూడక్కా! మంచుకొండలు, సముద్రం అడుగు, అన్నీ నిలువెత్తున కనిపిస్తాయి. నీ మూట ఇచ్చి, ఏడాదిపాటు నా కొట్టుకు సరుకు మోస్తే చాలు."

"ఏడాదా! మరి మావను ఎవరు చూసుకుంటారు? ఆ పాతది చూడనీ."

పెట్టుకుంటే అంతా మసకే.

"చూశావా? అదొట్టి చెత్త" అన్నాడు నక్క, పక్కనున్న కుందేలుకూ నెమలికీ కూడా వినబడేలా.

"ఎవరు వాడారన్నా దీన్ని?"

"వలసపోయిన కొంగ. ఏళ్ల తరబడి రోజూ వాగు మీద ఎగురుతూ ఏవో వీడియోలు తీసుకునేది. అవన్నీ అందులోనే పడున్నాయి. తుడిచేసే తీరిక కూడా లేదు నాకు."

మావ రోజూ అడిగే వాగు అందులోనే ఉందన్నమాట, అనుకుంది సింగారి. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు, "బ్యాటరీ నిలుస్తుందా?" అంది.

"గంట. అంతే."

"ఎంతకిస్తావు?"

"చెత్తకు వెలేంటక్కా! నాలుగు కాయలు పడేసి పట్టుకుపో. రేపు కొత్తదాని కోసం నువ్వే పరుగెత్తుకొస్తావు."

సింగారి నాలుగు కాయలు లెక్కగా పెట్టి, "మీరూ విన్నారుగా" అని నెమలికీ కుందేలుకూ చెప్పి వచ్చేసింది.

దొడ్లో మెత్తటి గుడ్డతో అద్దాలు తుడిస్తే గుడ్డంతా ఆముదం జిడ్డు. "ఓరి దొంగ!" అనుకుని, హెడ్‌సెట్ తెచ్చి నందయ్య కొమ్ములకు పట్టీ బిగించింది.

నందయ్య తలను మెల్లగా అటూ ఇటూ తిప్పాడు.

"కనబడుతోందా మావా?"

"రెల్లు పూసింది సింగారీ... తెల్లగా, వాగు పొడుగునా. రేవులో రెండెద్దులు దిగుతున్నాయి. ఒకటి... ఒకటి నేనే! పక్కన మా మల్లడు!"

మల్లడు పన్నెండేళ్లు అతనితో ఒకే కాడి మోసిన జోడెద్దు. కిందటేడు ఎండలకు పోయాడు.

"తోకతో నా మీద నీళ్లు కొడుతున్నాడు చూడు! ఎప్పుడూ అంతే వీడు."

హెడ్‌సెట్ కింద నుంచి కన్నీళ్లు కారాయి. సింగారి తుడవలేదు. అతని డొక్కకు ఆనుకుని కూర్చుంది.

కబురు ఊరంతా పాకింది. వాగుదాకా నడవలేని ముసలి పశువులన్నీ జంబయ్య కొట్టుకెళ్లి, "కొంగ వీడియోలున్నది కావాలి" అని అడగడం మొదలుపెట్టాయి. మూడోనాడు నక్క రొప్పుతూ దొడ్డికొచ్చాడు.

"అక్కా, పొరపాటైంది. కొత్తది ఊరికే ఇస్తాను, అది ఇచ్చెయ్యి."

"నలుగురిలో చెత్తన్నావు కదన్నా. చెత్త నీకెందుకు?"

"అన్నాడు, నేనూ విన్నాను" అంది నక్క వెనకే దొడ్డికొచ్చిన కుందేలు.

"ఆ ఆముదం కూడా శుభ్రంగా తుడిచేశాలే" అంది సింగారి. జంబయ్య చెవులు వాల్చేసి వెనుదిరిగాడు.

"ఎవరమ్మా?" అన్నాడు నందయ్య, హెడ్‌సెట్ తియ్యకుండానే.

"దారిన పోయేవాళ్లు మావా. నువ్వు చూసుకో."

నీతి: ఏది కొన్నా కొత్తదా పాతదా అని కాదు, మనవాళ్ల మనసు కోరేది అందులో ఉందా అని చూడాలి.