రెండో గిలక

ఏ కాలమో అడక్కండి, నాకూ తెలీదు. మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది, ఆ అవ్వకు ఇంకెవరో చెప్పారు. అంత వెనకటి మాట. నాపరాతి గుట్ట కింద ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో ఎక్కడ గడ్డపార వేసినా ఠంగుమని రాయి పలికేది. అందరిదీ రాతిపనే. ఆ రాతిపనివాళ్ల మధ్య శౌరప్ప అని ఒకడు పుట్టాడు.

శౌరప్ప పొట్టివాడు. చేతులు కూడా పొట్టివే. అది గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది. చిన్నప్పుడే ఒక పాదిరిగారు అతన్ని సముద్రం ఒడ్డున ఉన్న మఠానికి వంటపనికి తీసుకుపోయారు. అక్కడ పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పక్కన కూర్చుని లాటిను నేర్చుకున్నాడు, గ్రీకు నేర్చుకున్నాడు. అతని మనసు మాత్రం ఒక్కదాని మీదే నిలిచింది. వేల ఏళ్ల కిందట గ్రీసులో, రోములో జనం ఏ చట్టాలు పెట్టుకుని బతికారు అని. జుట్టు నెరిసేదాకా అదే చదివాడు. చివరికి ఒక పెట్టెడు పుస్తకాలతో, ముక్కు మీద కళ్లద్దాలతో తిరిగొచ్చి అక్క ఆరోగ్యమ్మ ఇంట్లో దిగాడు.

"ఏం నేర్చుకోనొచ్చినావప్పా?" అని అడిగాడు ఊరిపెద్ద ఓబులేసు.

"గ్రీసోళ్ల పాత చట్టాలు, రోమోళ్ల పాత చట్టాలు మామా."

"ఆ మనుషులు యాడుండారు?"

"మనుషులు పోయినారు మామా. మాట ఉండాది."

ఊరంతా విరగబడి నవ్వింది. ఆ పూటే అతనికి పేరు పడింది, సచ్చినోళ్ల ప్లీడరు అని.

కొన్నాళ్లకు ఒకాయన పొట్టేలు పోయింది. పక్కింటి మీద అనుమానం. శౌరప్ప కళ్లద్దాలు సర్దుకున్నాడు. "రోములో అయితే పోగొట్టుకున్నోడు గోచీ ఒక్కటే కట్టుకోని, చేతిలో పళ్లెం పట్టుకోని ఆ ఇంట్లోకి పోయి వెతకాల. అప్పుడు తనే ఏదో దాచుకోని తెచ్చి పెట్టినాడని ఎవురూ అనలేరు" అన్నాడు. పొట్టేలాయన గోచీ కట్టుకోనూ లేదు, పళ్లెం పట్టుకోనూ లేదు. పొట్టేలు దానంతటదే సాయంత్రానికి ఇల్లు చేరింది.

"బాగుండాది గానీ, ఆ మనుషులు యాడుండారప్పా?" అన్నాడు ఓబులేసు.

"మనుషులు పోయినారు మామా. మాట ఉండాది."

ఇంకొన్నాళ్లకు ఒకరి చింతచెట్టు కాయలు గోడ అవతల రాలాయి. కాయలు చెట్టుగలవాళ్లవా, నేలగలవాళ్లవా అని తగువు. "చెట్టుగలోళ్లు దినం మార్చి దినం అవతలికి పోయి ఏరుకోవచ్చు, నేలగలోళ్లు అడ్డం రాకూడదు" అన్నాడు శౌరప్ప. అతను ఇది రోము చట్టమని వివరించేలోపల మేకలొచ్చి కాయలన్నీ తినేశాయి. మళ్లీ నవ్వులు.

నవ్వనిది ఒక్క కదిరమ్మే. ఆరోగ్యమ్మ పక్కిల్లు ఆమెది. మనిషి తాడిచెట్టంత పొడుగు. మొగుడు గుట్టలో రాయి పడి పోయాక అతని ఉలీ సుత్తీ తనే పట్టుకుని రోళ్లు, తిరగళ్లు చెక్కి కూతుర్ని సాకుతోంది. శౌరప్ప వచ్చి చెక్కని రాయి మీద కూర్చునేవాడు. ఆమె చెక్కుతూనే, "ఆ తర్వాత ఏమన్నారన్నా వాళ్లు?" అని అడిగేది. అలా అడిగే మనిషి ఒక్కరుంటే చాలు, చదువుకున్నవాడి ఆయుష్షు పెరుగుతుంది. ఇప్పుడు ఎవరున్నారు అలా అడిగేవాళ్లు?

అంతలో కరువొచ్చింది. ఒక వాన తప్పింది, రెండో వాన తప్పింది, మూడో వానా తప్పింది. బావులన్నీ ఎండిపోయి ఆరోగ్యమ్మ బావి ఒక్కటే మిగిలింది. ఆరోగ్యమ్మ చెడ్డదని నేననను. చెయ్యి పెద్దది, నోరు అంతకంటే పెద్దది. నీళ్లు అందరికీ ఇచ్చేది, నాలుగు మాటలూ కలిపి ఇచ్చేది. ఒకరోజు కదిరమ్మ బిందె దించగానే నలుగురి ముందు అనేసింది.

"పోసుకో, పోసుకో. నా బాయి లేకుంటే ఈపాటికి నీ కొంప ఏమయ్యేదో!"

కదిరమ్మ తోడిన నీళ్లు తోడినట్టే బావిలో ఒంపేసింది. "ముష్టి నీళ్లు నాకొద్దు" అంది. ఆ రోజే తన పెరట్లో గడ్డపార వేసింది.

తవ్వింది, తవ్వింది, తవ్వింది. మన్ను పోయి మొరం వచ్చింది, మొరం పోయి బండ వచ్చింది. బండ కింద మళ్లీ బండ. చుక్క నీరు లేదు. కూతురేమో ఎక్కడో వాగు చెలమలో చెంబెడు తేవడానికి పొద్దున పోతే మధ్యాహ్నం వచ్చేది. ఆఖరికి కదిరమ్మ గడ్డపార గోడకానించి బట్టలు మూట కట్టింది. మొగుడు తన చేత్తో కట్టిన ఇల్లు. అతను పోయిందీ ఆ గుట్టలోనే. అవన్నీ వదిలి నీళ్లున్న సీమకు పోతానంది.

శౌరప్ప ఆ మూట చూశాడు. పరుగెత్తి ఇంటికి పోయి పెట్టె తెరిచాడు. పుస్తకంలో వేలు పెట్టుకుని అలాగే బజారుకొచ్చాడు.

"మామా, ఏథెన్సు అని ఒక ఊరు. అదీ రాళ్ల నేలే, అక్కడా నీళ్లకు కటకటే. అక్కడొక చట్టం ఉన్నింది. ఎవురైనా తన నేలలో పది బారలు తవ్వీ నీళ్లు పడకుంటే, పక్కింటి బాయిలో పొద్దునొక కడవ, మాపునొక కడవ తోడుకోవచ్చు. అడగాల్సిన పన్లేదు. అది ముష్టి కాదు, హక్కు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆరోగ్యమ్మ మాత్రం మూతి తిప్పింది. "నా తమ్ముడు నా ఇంట్లో తిని నా బాయికే ఎసరు పెట్టినాడు. సరే, ఆ బండలో పది బారలు తవ్వమను. అప్పుడు సూస్తాం" అంది. పదిమందీ విన్నారు.

తాడు తెచ్చి గుంత కొలిచారు. శౌరప్ప రెండు చేతులూ బార చాపి తాడును కొలిచాడు. సరిగ్గా పది బారలు! ఓబులేసు చప్పట్లు కొట్టాడు. కదిరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"బాయి నాది. బార కూడా నాదే కావాల."

"వద్దమ్మా, నీ చేతులు పొడుగు" అన్నాడు శౌరప్ప కంగారుగా. "ఎవురి బారో పుస్తకంలో రాసిల్లేదు!"

"నీ బారతో కొలిస్తే రేపు మీ అక్క నోరు మూతపడదన్నా. పొట్టి బారతో గెలిచిందంటారు. దానికంటే ముష్టే మేలు." తనే తాడందుకుని కొలిచింది. ఎనిమిది బారల మీద కొంచెం.

ఊరు ఉసూరుమంది. కదిరమ్మ మూట విప్పి కూతురి చేతికిచ్చి, గడ్డపార తీసుకుని గుంతలోకి దిగింది. కాసేపటికి తాడు కదిలింది. చూస్తే శౌరప్ప! కళ్లద్దాలు దారంతో చెవులకు కట్టుకుని దిగుతున్నాడు. పుస్తకాల చేతులు ఆ పూటే బొబ్బలెక్కాయి. అది చూసి ఓబులేసు పంచె ఎగ్గట్టాడు. మర్నాడు పల్లె పల్లెంతా వంతులేసుకుని దిగింది. ఆరోగ్యమ్మ తవ్వేవాళ్లకు తన బావి నీళ్లే పంపింది, మాటలు కలపకుండా.

ఆఖరి రోజు కదిరమ్మ అడుగున నిలబడి తాడు కొలిచింది. తన బారతో పది. బండ పొడిగా ఉంది, ఎముకలా తెల్లగా ఉంది. "పడలా! నీళ్లు పడలా!" అని కింద నుంచి అరిచింది. పైన ఊరంతా ఎగిరి గంతులేసింది. బావి తవ్వి నీళ్లు పడలేదని డప్పులు కొట్టిన ఊరు భూమ్మీద అదొక్కటే అయ్యుంటుంది.

ఆ సాయంత్రం కదిరమ్మ తలస్నానం లేకపోయినా తల దువ్వుకుంది. కడవ చంకన పెట్టుకుని ఆరోగ్యమ్మ బావి దగ్గరికొచ్చింది. అడగలేదు, తలొంచలేదు. ఆరోగ్యమ్మ గిలక పట్టుకుని నిలబడింది.

"నా గిలక ముట్టొద్దు" అంది ఆరోగ్యమ్మ. తర్వాత కొంగులోంచి ఇంకో గిలక తీసింది. కొత్తది, ఆ మధ్యాహ్నమే వడ్రంగితో చేయించింది. "ఇది నీది. ఆ పక్కన కట్టుకో."

అట్లా ఆ బావికి రెండు గిలకలయ్యాయి. మొదట్లో ఒకరి మొహం ఒకరు చూడకుండా తోడుకునేవారు. రెండు గిలకలు కిర్రుకిర్రుమంటుంటే ఎన్నాళ్లని నోరు మూసుకుంటారు? ఆ ఏడాది తిరక్కుండానే తోడడం తక్కువ, కబుర్లు ఎక్కువ.

వానలొచ్చాయి, పోయాయి. శౌరప్ప ముసలివాడై ఒక పొద్దున లేవలేదు. స్నానం చేయించడానికి ఆరోగ్యమ్మ ఒక కడవ తోడింది, కదిరమ్మ ఒక కడవ తోడింది. సమాధి మీద ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు. చివరికి కదిరమ్మ ఒక రాతి గిలక చెక్కి పెట్టింది. చెక్కుతూ చెక్కుతూ ఒకసారి ఆగి, "ఆ తర్వాత ఏమన్నారన్నా వాళ్లు?" అని అడిగిందట.

ఇప్పుడు ఆ పల్లెలో చేంతాళ్లు లేవు, కిర్రుమనే గిలకలు లేవు. అన్నీ బోర్లే. కానీ ఎవరు బోరు వేయించినా ఒక కుళాయి ఇంట్లోకి పెడతారు, ఒకటి గోడ బయటికి పెడతారు. పక్కవాళ్లు పొద్దునొక బిందె, మాపునొక బిందె పట్టుకుంటారు. అడగరు. ఇంటివాళ్లు తొంగి చూడరు. తెలియక ఎవరైనా పరాయివాళ్లు ఈ నీళ్లు ఎవరివని అడిగితే, బిందె ఎత్తుకుంటూ, "శౌరప్పవి" అంటారు. పాపం, బతికినన్నాళ్లూ సొంతానికి ఒక్క బావి లేనివాడు.